ఏ పాదానికి తొందరపడాలి, ఏ పాదానికి ఓపిక పట్టాలి: గజపతి, రాయగడ, గంజాం జిల్లాల ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల ముఖ్య వైద్య, ప్రజారోగ్య అధికారులకు, ఆర్‌.బి.ఎస్‌.కె. (పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం) బృందాల్లోని డాక్టర్లకు, మా ఆశా దీదీలకు, అంగన్‌వాడీ దీదీలకు నమస్కారం.

నేను ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండ దిగి సంతకి వచ్చినవాళ్ళ నోట సవర భాష వినిపించే ఊరు మాది. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది చెప్పే మొదటి మాట ఒకటే: "పిల్లకి పాదాలు లోపలికి తిరిగిపోతున్నాయండి." మాట ఒకటే అయినా దాని వెనక రెండు వేరువేరు సంగతులు ఉండొచ్చు. ఒకటి పుట్టుకతో వచ్చే వంకరపాదం. దానికి మొదటి వారాల్లోనే వైద్యం మొదలుపెట్టాలి. రెండోది ఎదిగే పిల్లల్లో మామూలుగా కనిపించే తిరుగుడు. దానికి చాలావరకు ఏ వైద్యమూ అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. మన సరిహద్దు ఊళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతోంది. తొందరపడాల్సిన పాదాన్ని "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని వదిలేస్తున్నారు. వదిలేయాల్సిన పాదానికి ఇనుప కడ్డీ బూట్లు తొడుగుతున్నారు. ఈ ఉత్తరం రాస్తున్నది ఇందుకే. దీన్ని సరిచేయడానికి కొత్త ఆసుపత్రి కట్టక్కర్లేదు. ఇప్పుడున్న మనుషులకే, ఇప్పుడు జరుగుతున్న ఇంటి సందర్శనల్లోనే, ఏ పాదం ఏదో పోల్చుకోవడం నేర్పితే చాలా మేలు జరుగుతుంది.

ముందు తొందరపడాల్సిన దాని గురించి చెబుతాను. వైద్యులు దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. సుమారు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డలో కనిపిస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెండింతలు ఎక్కువ. దాదాపు సగంమందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. చూడగానే తెలిసిపోతుంది: పాదం కిందికి దిగి, లోపలికి తిరిగి ఉంటుంది, అరికాలు రెండో కాలి వైపు చూస్తుంది, మడమ పైకి లాక్కుపోయినట్టు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఆ పాదం గట్టిగా ఉండటం. మనం చేత్తో మెల్లగా తిప్పి మామూలు పాదంలా పెడదామంటే రాదు. పురిటి మంచం పక్కన కూర్చున్న ఎవరైనా ఈ ఒక్క పని చేసి చూడొచ్చు.

దీనికి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న వైద్యం పోన్సెటీ పద్ధతి. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇగ్నాసియో పోన్సెటీ గత శతాబ్దం మధ్యలోనే దీన్ని రూపొందించారు. మిగతా వైద్యలోకం పెద్ద ఆపరేషన్లు వదిలి దీని వైపు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. చేసే పని చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. వారానికోసారి పాదాన్ని చేత్తో మెల్లగా కొంచెం సరిచేసి, తొడ నుంచి కాలివేళ్ళ దాకా ప్లాస్టర్ కట్టు వేస్తారు. వచ్చే వారం విప్పి, ఇంకొంచెం సరిచేసి, మళ్ళీ వేస్తారు. మామూలుగా ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామంది పిల్లలకు ఆఖర్లో మడమ వెనక నరాన్ని, అంటే కండని ఎముకకి పట్టి ఉంచే ఆ గట్టి తాడుని, చిన్న గాటుతో వదులు చేయాల్సి వస్తుంది. దాని తర్వాత మరో మూడు వారాలు కట్టు ఉంచుతారు. కోసి కుట్టే పెద్ద ఆపరేషన్ అవసరం చాలా కొద్దిమందికే పడుతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. కట్లు అయిపోయాక, మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు ఇస్తారు. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు తొడగాలి. తర్వాత రాత్రి నిద్రలోనూ పగటి కునుకులోనూ, బిడ్డకి నాలుగేళ్ళు వచ్చేదాకా. పాదం చక్కగా కనిపిస్తోంది కదా అని మధ్యలో మానేస్తే మళ్ళీ తిరిగిపోతుంది. నేను చూసిన పిల్లల్లో పాదం మళ్ళీ తిరిగినవాళ్ళు ఎక్కువమంది బూట్లు మధ్యలో ఆగిపోయినవాళ్ళే. ఆ తల్లులు నిర్లక్ష్యం చేశారని నేను అనను. బూటు చిన్నదైపోయినప్పుడు పెద్దది ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రాత్రి బిడ్డ ఏడిస్తే అత్తగారు విప్పేయమంటారు. ఎందుకు విప్పకూడదో అత్తగారికీ ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే మన సరిహద్దు సంగతి అడ్డొస్తుంది. మన తెలుగు ఇళ్ళలో మొదటి కాన్పు పుట్టింట్లో. పర్లాకిమిడి కోడలు పాతపట్నంలో పురుడు పోసుకుంటుంది, గుణుపురం కోడలు కొత్తూరు వైపో పాలకొండ వైపో వెళుతుంది. ఆంధ్రా నుంచి ఇటు పుట్టింటికి వచ్చి కనేవాళ్ళూ అంతే ఉంటారు. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి బిడ్డతో అత్తారింటికి చేరుతుంది. అంటే ప్లాస్టర్ కట్లు ఒక రాష్ట్రంలో, బూట్ల దశ ఇంకో రాష్ట్రంలో. తల్లీబిడ్డ కార్డు ఒకచోట తెలుగులో, ఇంకోచోట ఒడియాలో. అటు ఆశా వర్కర్ రిజిస్టర్లో ఆ పేరు పక్కన "ఊరు వెళ్ళిపోయారు" అని రాసి ఉంటుంది. ఇటు ఆశా దీదీ రిజిస్టర్లో ఆ బిడ్డ పుట్టినట్టే ఉండదు. రెండు ఊళ్ళ మధ్య ఉన్నది ఆటోలో వెళ్ళొచ్చేంత దూరమే, కానీ బిడ్డ వివరాలు మాత్రం ఆ దూరం దాటడం లేదు.

కాశీనగర్ వైపు నుంచి ఒక తల్లి నడక వచ్చిన బాబుని తీసుకొచ్చింది. పాదం పక్క అంచు మీద నడుస్తున్నాడు, అక్కడ చర్మం కాయ కాసిపోయింది. పుట్టగానే చూసి కట్లు వేయించమన్నారట, పుట్టింట్లో ఉండగా రెండు కట్లు పడ్డాయట. తర్వాత అత్తారింటికి వచ్చేశారు. ఇక్కడ అడిగితే, చిన్నపిల్లల పాదాలు లోపలికి ఉండటం మామూలే, సర్దుకుంటాయి అన్నారట. ఆ మాట అన్నవాళ్ళది చెడ్డ బుద్ధి కాదు. అది ఇంకోరకం పాదానికి చెప్పాల్సిన మాట. నడక వచ్చాక కూడా పోన్సెటీ కట్లు పనిచేస్తాయి కాబట్టి ఆ బాబుకి దారి మూసుకుపోలేదు. అయినా మొదటి నెలలోనే మొదలుపెడితే ఐదారు వారాల్లో అయిపోయేది, పెద్దయ్యాక ఎక్కువ కట్లు, ఎక్కువ ఏడుపు, కూలి పోగొట్టుకునే రోజులు కూడా ఎక్కువ. ఇలా ఆలస్యంగా వచ్చేవాళ్ళు చాలావరకు మీ మనుషుల చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే. మూడో రోజో ఏడో రోజో ఎవరో ఆ పాదాన్ని చూసే ఉంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. వంకరపాదం బిడ్డ పుడితే మన దగ్గర ముందు తల్లినే నిలదీస్తారు. గ్రహణం రోజు బయటికొచ్చావా, ఆ పూట కత్తిపీట పట్టుకున్నావా, కాళ్ళు మడిచి కూర్చున్నావా అని. గ్రహణానికీ ఆ పాదానికీ ఏ సంబంధమూ లేదు. కొన్ని కుటుంబాల్లో వంశంలో ఉంటుంది, ఎక్కువమందిలో ఫలానా కారణమని చెప్పలేం. బాలింత తన తప్పేనని నమ్మి, ఎవరికీ చూపించకుండా బిడ్డ కాళ్ళని గుడ్డలో చుట్టి దాచిపెట్టడం నేను చూశాను. ఆశా దీదీ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు "ఇది నీ వల్ల రాలేదమ్మా, నయమవుతుంది" అని అత్తగారు కూడా వినేలా చెప్పడం వైద్యంలో భాగమే. మీ శిక్షణ పుస్తకాల్లో దీనికి ఒక పేజీ ఇవ్వండి.

ఇప్పుడు రెండో రకం. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేదీ, అనవసరంగా అందరికీ టెన్షన్ పెట్టేదీ ఇదే. ఇందులోనూ మూడు చోట్ల నుంచి తిరుగుడు రావచ్చు: పాదం ముందు భాగం నుంచి, పిక్క ఎముక నుంచి, తొడ ఎముక నుంచి. వయసుని బట్టి ఏది ఎక్కడిదో చాలావరకు ఊహించొచ్చు.

చంటిబిడ్డలో అయితే పాదం ముందు సగం లోపలికి వంగి ఉంటుంది. అరికాలిని కింద నుంచి చూస్తే పలాస జీడిపప్పులాగా వంపు తిరిగి కనిపిస్తుంది. మడమ మాత్రం తన చోట తాను సరిగ్గా ఉంటుంది, పాదం పైకీ కిందికీ బాగా కదులుతుంది. క్లబ్‌ఫుట్‌కీ దీనికీ తేడా అక్కడే ఉంది. గర్భంలో ఇరుకుగా ముడుచుకుని ఉండటం వల్ల వచ్చే వంపు ఇది. మడమని ఒక చేత్తో పట్టుకుని, ముందు భాగాన్ని వేలితో మెల్లగా బయటికి నెడితే తిన్నగా వచ్చేస్తే, ఆ పాదం మెత్తగా ఉన్నట్టు. దాన్ని వదిలేయొచ్చు. ఇలాంటి పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా ఏడాది తిరిగేలోపు ఏ వైద్యమూ లేకుండా సరైపోతారు. నెట్టినా రాకుండా బిగుసుకుని ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకి చూపించాలి. అలాంటివాళ్ళకి కొన్ని ప్లాస్టర్ కట్లు వేస్తారు. ఏడెనిమిది నెలలు దాటకముందే వేస్తే తేలిగ్గా లొంగుతుంది. ఇలాంటి బిడ్డ వచ్చినప్పుడు తుంటి కీళ్ళు కూడా ఒకసారి చూడమని నేను అడుగుతాను, చూడటానికి ఒక్క నిమిషం చాలు.

తప్పటడుగులు వేసే వయసులో, అంటే ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య, ఎక్కువగా కనిపించేది పిక్క ఎముక తిరుగుడు. బిడ్డ నడుస్తుంటే మోకాలిచిప్పలు తిన్నగా ముందుకే చూస్తుంటాయి, పాదాలు మాత్రం ఒకదానికొకటి ఎదురుగా తిరిగి ఉంటాయి. పుట్టినప్పుడు పిక్క ఎముక కొంచెం లోపలికే తిరిగి ఉంటుంది, ఎదిగేకొద్దీ అదే మెల్లగా బయటికి తిరుగుతుంది. ఎక్కువమందిలో నాలుగైదేళ్ళకి సర్దుకుంటుంది, కొందరిలో ఇంకొంచెం ఆలస్యమవుతుంది. ఈ వయసు పిల్లలు ఎలాగూ రోజుకి పదిసార్లు పడతారు. పాదాలు తిరిగి ఉన్నాయి కాబట్టే పడుతున్నారని ఇంట్లోవాళ్ళు లెక్కగట్టేస్తారు.

మూడేళ్ళు దాటి బడికి వెళ్ళే వయసులో కనిపించేది తొడ ఎముక నుంచి వచ్చే తిరుగుడు. ఆడపిల్లల్లో ఎక్కువ. నిలబడితే మోకాలిచిప్పలు రెండూ ఒకదానివైపు ఒకటి చూస్తుంటాయి, పరుగెడితే కాళ్ళు పక్కలకి విసురుకుంటూ పోతాయి. బిడ్డ పుట్టినప్పుడు తొడ ఎముకలో సుమారు 40 డిగ్రీల తిరుగుడు ఉంటుంది. పెద్దయ్యేసరికి అది 15 డిగ్రీలకి దిగుతుంది. ఈ దిగడం ఎనిమిది, పదేళ్ళ దాకా మెల్లగా జరుగుతూనే ఉంటుంది. ఈ పిల్లలు కింద కూర్చుంటే మోకాళ్ళు ముందు కలిపి, పాదాలు రెండు పక్కలకీ వెనక్కి పెట్టి కూర్చుంటారు. బాసింపట్టు వేసుకోమంటే ఇబ్బంది పడతారు. అంగన్‌వాడీలో దీదీలు, ఇంట్లో అమ్మమ్మలు దీనికే పిల్లల్ని గదమాయిస్తుంటారు, తొడ మీద ఒకటి వేస్తారు కూడా. దయచేసి ఆ పని చేయకండి. ఆ పిల్లల తొడ ఎముక అమరిక అలా కూర్చోవడానికి వీలుగా ఉంది, కాబట్టి అలా కూర్చుంటున్నారు. అలా కూర్చోవడం వల్ల ఎముక తిరిగిపోయిందని ఎవరూ నిరూపించలేదు. బాసింపట్టు వేయించినంత మాత్రాన ఎముక తొందరగా సర్దుకోదు కూడా.

మామూలు అనేది ఎంత విశాలమో చెప్పడానికి ఒక్క సంగతి. 1985లో అమెరికాలో లిన్ స్టాహెలీ అనే ఎముకల వైద్యుడూ ఆయన తోటివాళ్ళూ ఏ జబ్బూ లేని 1,000 కాళ్ళని కొలిచారు, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా. తొడ ఎంత తిరుగుతుంది, పిక్క ఎంత తిరిగి ఉంది, నడిచేటప్పుడు పాదం ఎటు చూస్తుంది అన్నీ లెక్కకట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మధ్యే ఆ కొలతల్లో చాలా తేడాలున్నాయని తేలింది. అప్పటి నుంచి పిల్లల ఎముకల డాక్టర్లు ముందు కొలిచి, వయసుతో పోల్చి, ఆ హద్దులు దాటినప్పుడే మాట్లాడతారు. దీనికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. బిడ్డని బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, పాదాలని పై నుంచి చూస్తే పిక్క సంగతి తెలుస్తుంది. అలాగే ఉంచి పాదాలని రెండు పక్కలకీ వాలనిస్తే తొడ సంగతి తెలుస్తుంది. ఒక మధ్యాహ్నంలో ఆర్‌.బి.ఎస్‌.కె. బృందం మొత్తానికి ఇది నేర్పవచ్చు.

ఇక బూట్ల సంగతి. రెండేళ్ళు దాటిన ఒక పాపకి, పిక్క తిరుగుడు తప్ప ఇంకేమీ లేని పాపకి, ఒక క్లినిక్‌లో కడ్డీ బూట్లు రాశారు. తండ్రి రోజుకూలీ, అప్పు చేసి కొన్నాడు. పాప వాటితో నడవలేక కూర్చున్నచోటే కూర్చుంది. మళ్ళీ చెబుతున్నాను, కడ్డీ బూట్లు క్లబ్‌ఫుట్ పిల్లలకి ప్రాణంలాంటివి, వాటిని మానకూడదు. అవే బూట్లు మామూలు తిరుగుడు ఉన్న బిడ్డకి తొడిగితే ఎముక ఒక్క డిగ్రీ కూడా అదనంగా తిరగదు. బూట్లు వేసుకున్నవాళ్ళూ వేసుకోనివాళ్ళూ ఒకే తీరుగా సర్దుకుంటారు. కేబుల్ బెల్టులు, లోపల అట్టలు పెట్టిన చెప్పులు, కుడి ఎడమలు మార్చి తొడగడం, వీటన్నిటిదీ ఇదే కథ. బూట్లు వేసిన రెండేళ్ళకి పాదం తిన్నగా వస్తే బూట్లకి పేరు వస్తుంది. వేయకపోయినా ఆ వయసుకి తిన్నగానే వచ్చేది. ఈ నమ్మకం ఇన్నాళ్ళు నిలబడటానికి కారణం అదే.

ఉత్త కాళ్ళతో తిరగడం వల్ల పిల్లల పాదాలు పాడవుతాయని కూడా చాలామంది అనుకుంటారు. 1992లో మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలు చూశారు. చెప్పులు, బూట్లు వేసుకుని పెరిగినవాళ్ళలో చదునుపాదాలు 8.6 శాతం. ఉత్త కాళ్ళతో పెరిగినవాళ్ళలో 2.8 శాతం. ఇది చదునుపాదాల లెక్క, లోపలికి తిరగడానిది కాదు, నాకు తెలుసు. అయినా ఖరీదైన బూట్లే పాదాన్ని తయారుచేస్తాయన్న మాటకి మన దేశపు పిల్లలే ఇచ్చిన జవాబు కాబట్టి చెబుతున్నాను. ముళ్ళూ గాజుపెంకులూ నులిపురుగులూ లేకుండా చూసుకుంటే చాలు, ఇంట్లో, వాకిట్లో ఉత్త కాళ్ళతో తిరిగితే పాదాలకి ఏమీ కాదు. బయటికి మామూలు మెత్తని చెప్పులు సరిపోతాయి.

అమ్మమ్మల భయానికి ఇంకో మూలం పోలియో. వాళ్ళ చిన్నప్పుడు ప్రతి ఊళ్ళో కాలు చచ్చుబడిన పిల్లలు ఉండేవారు. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించినా, మనవరాలి అడుగు కాస్త వంకరగా పడితే ఆ పాత దృశ్యమే వాళ్ళ కళ్ళ ముందుకు వస్తుంది. అందుకే నూనె రాసి, కాళ్ళు సాగదీసి, తిప్పి, గుడ్డపీలికలతో కట్టి నానా తంటాలూ పడతారు. నలుగు పెట్టి మెల్లగా ఒళ్ళు మర్దనా చేస్తే బిడ్డకి హాయే. ఎముకని తిప్పేస్తామని బలంగా మెలిపెట్టడం మాత్రం వద్దు. రెండు కాళ్ళూ బిగించి తిన్నగా చుట్టి కట్టేస్తే తుంటి కీలుకి అసలు మంచిది కాదు. చంకన ఎత్తుకుంటే కాళ్ళు వంకరపోతాయన్న భయం మాత్రం మానేయండి, అలా రెండు కాళ్ళూ ఎడంగా పెట్టుకుని కూర్చోవడం తుంటికి మేలే.

అన్నీ వదిలేయమని చెబుతున్నానని ఎవరూ అనుకోకూడదు. ఒక్క కాలే తిరిగి ఉండి రెండోది బాగుంటే, కాలు నొప్పి అంటుంటే, కుంటుతుంటే, ఒక కాలు పొట్టిగా అనిపిస్తే, ఏడాదిన్నర వచ్చినా నడవకపోతే, ముందు నడిచిన బిడ్డ ఇప్పుడు నడవలేకపోతుంటే, కాళ్ళు బిగుసుకుని మునివేళ్ళ మీద నడుస్తుంటే, ఏడాది నిండకముందే ఒక్క చెయ్యే వాడుతుంటే, తిరుగుడు నెలనెలకీ తగ్గకుండా పెరుగుతుంటే తప్పకుండా డాక్టరు చూడాలి. వీటిలో కొన్నిటి వెనక తుంటి జారడం ఉండొచ్చు, కొన్నిటి వెనక సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కండరాలు బిగుసుకుపోవడం ఉండొచ్చు. రెండేళ్ళు దాటాక కూడా దొడ్డికాళ్ళు పెరుగుతూ, మణికట్టు దగ్గర ఉబ్బుగా ఉంటే రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, ఉందేమో చూడాలి. పదేళ్ళు దగ్గరపడుతున్నా తిరుగుడు బాగా ఎక్కువగా ఉండి, రోజువారీ పనులకి అడ్డం వస్తుంటే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అలాంటివాళ్ళు చాలా కొద్దిమంది. అది ఎముకని కోసి తిప్పి పెట్టే పెద్ద పని, అందం కోసం చేయించేది కాదు. లోపలికి తిరిగిన పాదాలు ఉన్నంత మాత్రాన పెద్దయ్యాక కీళ్ళు అరిగిపోతాయన్న మాటకి కూడా ఆధారం లేదు.

ఇంత వివరం రాయడానికి కారణం, ఇందులో ఏదీ మీ పరిధి దాటినది కాకపోవడం. ఆర్‌.బి.ఎస్‌.కె. 2013లో మొదలైనప్పుడు పెట్టుకున్న 30 సమస్యల జాబితాలో క్లబ్‌ఫుట్ ఉంది, తుంటి జారడం ఉంది. ఆశా దీదీలు పుట్టిన బిడ్డని 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూడటానికి వెళ్ళే ఏర్పాటు ఉంది. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు సంచార బృందం చూడాలి. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ ఉంది, కటక్ దగ్గర ఒలత్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. అటు విశాఖలో కె.జి.హెచ్. ఉంది. లేనిది ఒక్కటే, మూడో రోజున ఆ పాదాన్ని పట్టుకుని చూసి, గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని రాసే గడి.

ఆ గడి పెట్టండి. తల్లీబిడ్డ కార్డులో చోటు లేకపోతే ఆశా దీదీ రాసే ఫారంలో పెట్టండి. పాదం గట్టిగా ఉంటే ఆ వారంలోనే ఎక్కడికి, ఏ రోజు, ఎవరిని కలవాలో కూడా అదే కాగితం మీద రాసి ఇవ్వండి. "పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని నోటితో చెబితే మోహన నుంచి గానీ గుమ్మ నుంచి గానీ ఏ తల్లీ కదలదు. బరంపురంలో బస్సు దిగాక ఏ గదికి వెళ్ళాలో తెలియనప్పుడు ఆ కూలి డబ్బు ఖర్చుపెట్టమని నేను కూడా చెప్పలేను.

పాదం మెత్తగా ఉన్నవాళ్ళకి ఒక పేజీ బొమ్మల కాగితం ఇవ్వండి. ఏ వయసులో ఏది మామూలు, ఎప్పుడు భయపడాలి, బూట్లు ఎందుకు అక్కర్లేదు, ఈ మూడే ఉంటే చాలు. అది తెలుగులో, ఒడియాలో, సవరలో ఉండాలి. సవర ఇళ్ళలో చదవలేని పెద్దలకి ఫోన్‌లో వినిపించే రికార్డింగు ఇంకా మేలు. మమతా దివస్, అంటే ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్య దినం రోజున తల్లులు ఎలాగూ ఒకచోట చేరతారు, అక్కడే వినిపించవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉండి, సవరలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు. వందేళ్ళ కిందట ఒక బడిపంతులు ఒంటిచేత్తో చేసిన పని ఈ రోజు మూడు జిల్లాల ఆరోగ్య శాఖలు కలిసి చేయలేవని నేను అనుకోను.

సరిహద్దు దాటే పిల్లల కోసం శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల అధికారులతో మీరు కూర్చుని మాట్లాడాలి. ఏనుగులు దాటినా, మలేరియా పెరిగినా రెండు వైపులా అధికారులు మాట్లాడుకుంటారు కదా, అదే తీరుగా. పాతపట్నం వైపు కట్టు వేసిన బిడ్డ పర్లాకిమిడికి వస్తే, ఇక్కడి ఆశా దీదీకి ఆ వారమే ఫోన్ రావాలి. ఎన్నో కట్టు, తర్వాతి తేదీ ఏది, బూటు సైజు ఎంత, ఈ వివరాలున్న కాగితం తల్లి చేతిలో రెండు భాషల్లోనూ ఉండాలి. తర్వాతి సైజు బూట్లు ఇక్కడి జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి. ఏ రాష్ట్రంలో పుట్టాడని అడిగి వెనక్కి పంపకూడదు. పుట్టింటికీ అత్తారింటికీ మధ్య తిరిగే తల్లిని "మీది ఇక్కడ కాదు" అని రెండు వైపులా అంటుంటే ఆమె ఆఖరికి ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆరోగ్య శిబిరాల గురించి కూడా ఒక మాట. మంచి మనసుతోనే కొన్ని శిబిరాల్లో పాదాలు తిరిగిన పిల్లలందరికీ ఒకే రకం బూట్లు పంచుతున్నారు. ఎవరు పంచినా, ముందు ఆ పాదం ఏ రకమో రాసి, ఎముకల డాక్టరు సంతకం చేసిన తర్వాతే ఇవ్వాలని మీరు ఆదేశం ఇవ్వాలి. అలా చేస్తే అనవసరంగా పంచే బూట్లకి పోయే డబ్బుతో క్లబ్‌ఫుట్ పిల్లలకి నాలుగేళ్ళ పాటు సైజులు మార్చి ఇవ్వవచ్చు.

శిక్షణకి మనుషులు కావాలంటే నేను వస్తాను. నాలాంటి ఫిజియోథెరపిస్టులు గుణుపురంలోనూ రాయగడలోనూ బరంపురంలోనూ ఉన్నారు, పిలిస్తే వాళ్ళూ వస్తారని నా నమ్మకం. ఒక బొమ్మ, బోర్లా పడుకోబెట్టడానికి ఒక చాప, ఒప్పుకునే ఇద్దరు ముగ్గురు తల్లులు ఉంటే సరిపోతుంది. ముందుగా వచ్చే మమతా దివస్‌కి పర్లాకిమిడి చుట్టుపక్కల ఒక్క సెక్టార్‌తో మొదలుపెట్టినా చాలు. తేదీ చెప్పండి, ఆ రోజు క్లినిక్ మూసి వస్తాను.

ఇట్లు,
పిల్లల ఫిజియోథెరపిస్టు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా